జనరంజక విజ్ఞాన రచన

శాస్త్ర పరిశోధనలో తేలిన విషయాలను, ఆ శాస్త్రం చదువుకోని వారికి అర్థమయ్యేలా, నిజానికి లోటు రాకుండా చెప్పే రచనను జనరంజక విజ్ఞాన రచన అంటారు. పుస్తకాలు, పత్రికా వ్యాసాలు మాత్రమే కాక ఉపన్యాసాలు, రేడియో ప్రసంగాలు, టెలివిజన్ ధారావాహికలు, కళాజాతాలు, ప్రదర్శనశాలలు కూడా దీని పరిధిలోకి వస్తాయి. పాఠ్యపుస్తకం పరీక్ష రాయబోయే విద్యార్థి కోసం, పరిశోధనా పత్రం తోటి పరిశోధకుల కోసం. జనరంజక రచన దగ్గరికి పాఠకుడు తన ఇష్టంతో వస్తాడు, రుచించకపోతే పేజీ తిప్పేస్తాడు. అతనికి లేనిది ఆ రంగంతో పరిచయమే తప్ప తెలివి కాదు.

ఈ రచనకు రెండు బాధ్యతలు ఉన్నాయి. ఫలానాది నిజమని చెప్పడం మొదటిది. అది నిజమని ఎలా తెలిసిందో చూపించడం రెండోది. మొదటిదానితో ఆగిపోతే పాఠకుడు నమ్మి ఊరుకోవాలి. రెండోది కూడా చేస్తే, తానే తూచి చూసుకోగలడు. ఈ రచనా సంప్రదాయం నాలుగు శతాబ్దాలుగా ఎక్కడ బలంగా ఉందో, ఎక్కడ తడబడిందో ఈ రెండో బాధ్యతను బట్టే తెలుస్తుంది.

ఆరంభ దశ

ఐరోపాలో చాలాకాలం శాస్త్రానికి లాటినే భాష. గెలీలియో 1610లో తన దూరదర్శిని పరిశీలనలను లాటిన్‌లోనే ప్రకటించాడు. 1632 నాటి 'రెండు ప్రధాన విశ్వవ్యవస్థల సంభాషణ'ను మాత్రం ఇటాలియన్‌లో రాశాడు. అందులో ముగ్గురు మాట్లాడుకుంటారు. సాల్వియాటిది కోపర్నికస్ పక్షం, సింప్లిసియోది అరిస్టాటిల్ పక్షం. మూడో మనిషి సాగ్రెడో శాస్త్రం వృత్తిగా లేని తెలివైన పౌరుడు. అతను ప్రశ్నిస్తాడు, సందేహిస్తాడు, ఒప్పుకునే ముందు ఉదాహరణ అడుగుతాడు. సామాన్య పాఠకుడికి పుస్తకంలో చోటిచ్చి మాట్లాడనిచ్చిన తొలి రచనల్లో ఇది ఒకటి.

ఫ్రాన్స్‌లో ఫాంటెనెల్ 1686లో 'ప్రపంచాల బహుళత్వం మీద సంభాషణలు' ప్రచురించాడు. ఒక తత్త్వవేత్త రాత్రివేళ ఉద్యానవనంలో ఒక ప్రభువంశ స్త్రీకి గ్రహాల గురించి, నక్షత్రాల గురించి చెబుతుంటాడు. ఇంగ్లండ్‌లో జేన్ మార్సెట్ 1806లో 'రసాయనశాస్త్ర సంభాషణలు' తన పేరు లేకుండా వెలువరించింది. ఒక ఉపాధ్యాయురాలు, ఇద్దరు బాలికలు కలిసి ప్రయోగాలు చేస్తూ మాట్లాడుకునే పుస్తకం అది. లండన్‌లో పుస్తకాల బైండింగు నేర్చుకుంటున్న ఒక పేద కుర్రవాడు దాన్ని చదివాడు. అతనే మైకేల్ ఫారడే. బడిచదువు పెద్దగా లేని ఆ కుర్రవాడు తర్వాతి కాలంలో విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నాడు. తాను ఆ శాస్త్రంలోకి వచ్చిన దారిలో మార్సెట్ పుస్తకం ఉందని జీవితాంతం కృతజ్ఞతతో చెప్పుకున్నాడు.

కొవ్వొత్తి ఉపన్యాసాలు

లండన్‌లో 1799లో స్థాపితమైన రాయల్ ఇన్‌స్టిట్యూషన్, 1825 నుంచి పిల్లల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు మొదలుపెట్టింది. ఫారడే స్వయంగా పందొమ్మిది సంవత్సరాలు ఆ ఉపన్యాసాలు ఇచ్చాడు. వాటిలో 1860-61లో కొవ్వొత్తి మీద ఇచ్చిన ఆరు ఉపన్యాసాలు 'కొవ్వొత్తి రసాయన చరిత్ర' పేరుతో పుస్తకంగా వచ్చాయి. ఈ రచనా పద్ధతికి ఇప్పటికీ దాన్నే ప్రమాణంగా చూపిస్తారు.

ఫారడే సిద్ధాంతంతో మొదలుపెట్టడు. కొవ్వొత్తి వెలిగించి, మండుతున్నది ఏమిటని అడుగుతాడు. వంచిన గాజుగొట్టం ఒక కొసను మంట నడిమి నల్లటి భాగంలో ఉంచుతాడు. గొట్టం గుండా తెల్లటి ఆవిరి బయటికి వస్తుంది. ఆ రెండో కొస దగ్గర నిప్పు పెడితే అక్కడా మంట వెలుగుతుంది. మండేది గట్టి మైనం కాదని, దాని ఆవిరి అని పిల్లలు కళ్లారా చూస్తారు. తర్వాత మంచు, ఉప్పు నింపిన పాత్రను మంట మీద పట్టుకుంటాడు. పాత్ర అడుగున చుక్కలు చేరతాయి. అది నీరేనా అన్న సందేహాన్ని వదిలిపెట్టడు. నీరు తగిలితే మండే పొటాషియం ముక్కను దాని మీద వేస్తాడు, ఊదారంగు మంట లేస్తుంది. ఆ తర్వాత మంట నుంచి వచ్చిన వాయువు సున్నపుతేటను తెల్లగా మారుస్తుందని, మనం వదిలే ఊపిరి కూడా అదే చేస్తుందని చూపిస్తాడు. కొవ్వొత్తి మండటానికీ మనిషి ఊపిరి పీల్చడానికీ ఉన్న పోలిక దగ్గర ఉపన్యాసాలు ముగుస్తాయి.

ఇక్కడ ప్రతి అడుగులోనూ ముందు ప్రశ్న, తర్వాత ప్రయోగం, ఆ తర్వాతే నిర్ధారణ. వినేవాడు 'ఆయన చెప్పాడు కాబట్టి' అని తలూపాల్సిన చోటు ఒక్కటీ లేదు.

ఇరవయ్యో శతాబ్దం

రష్యాలో యాకోవ్ పెరెల్మాన్ 1913లో ప్రచురించిన 'వినోద భౌతికశాస్త్రం' కదిలే బండి, తేలే పడవ, అద్దంలో ప్రతిబింబం వంటి రోజూ చూసే వాటిలోంచి చిక్కు ప్రశ్నలు తీసింది. పెరెల్మాన్ 1942లో లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో ఆకలితో చనిపోయాడు, పుస్తకాలు మాత్రం సోవియట్ ప్రచురణ సంస్థల ద్వారా భారతదేశంలో ఊరూరా చవకగా దొరికాయి. జార్జి గామోవ్ ఒక బ్యాంకు గుమాస్తాను నాయకుడిగా పెట్టి, కాంతివేగం సైకిలు వేగమంత తక్కువగా ఉన్న ఊళ్లో తిప్పి, సాపేక్ష సిద్ధాంతాన్ని కథల్లో చెప్పాడు. రేచెల్ కార్సన్ 1962లో రాసిన 'మూగవోయిన వసంతం' పురుగుమందులు నేల నుంచి పురుగుకు, పురుగు నుంచి పక్షికి చేరే తీరును విడమరిచింది. అమెరికాలో 1972లో వ్యవసాయానికి డీడీటీ వాడకం నిషేధానికి దారితీసిన ప్రజాభిప్రాయం వెనుక ఆ పుస్తకం ఉంది. కార్ల్ సేగన్ 1980 నాటి పదమూడు భాగాల టెలివిజన్ ధారావాహిక 'కాస్మాస్'తో ఖగోళశాస్త్రాన్ని ఇళ్లలోకి తెచ్చాడు. స్టీఫెన్ హాకింగ్ 1988లో 'కాలం కథ' రాస్తూ, ఒక్కో సమీకరణానికి అమ్మకాలు సగానికి పడిపోతాయన్న హెచ్చరిక విని, ఐన్‌స్టీన్ సమీకరణం ఒక్కటి ఉంచి మిగతావి మానుకున్నాడు.

ఈ రంగానికి అంతర్జాతీయ గుర్తింపు తెచ్చిన కళింగ బహుమతి భారతీయుడి చొరవ. ఒడిశా నాయకుడు బిజూ పట్నాయక్ ఇచ్చిన విరాళంతో యునెస్కో దాన్ని 1951లో ఏర్పాటు చేసింది, 1952లో మొదటి బహుమతి ఫ్రెంచ్ భౌతికశాస్త్రవేత్త లూయీ ది బ్రోయ్‌కు దక్కింది. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ 1996లో, హైదరాబాదులో పనిచేసిన జీవశాస్త్రవేత్త డి. బాలసుబ్రమణ్యన్ 1997లో దాన్ని అందుకున్నారు.

తెలుగులో

కందుకూరి వీరేశలింగం సంఘసంస్కరణతో పాటు శాస్త్ర విషయాలనూ తెలుగులోకి తెచ్చారు. జ్యోతిశ్శాస్త్రం మీద, శరీరశాస్త్రం మీద సంగ్రహ గ్రంథాలు, జంతువుల స్వభావం మీద ఒక పుస్తకం రాశారు. దీన్ని ఒక ఉద్యమంగా మలిచిన వారు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు. 1906లో హైదరాబాదులో గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు తదితరులతో కలిసి ఆయన స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్ర, జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం మీద తెలుగు పుస్తకాలు వెలువరించింది. ఇంగ్లీషు రాని వారికి ఆధునిక జ్ఞానం దూరం కాకూడదన్నది మండలి పట్టుదల. ఆ తర్వాత కొమర్రాజు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాల దాకా వచ్చింది. 1923లో ఆయన మరణించేనాటికి పని పూర్తికాలేదు.

తర్వాతి తరంలో మద్రాసులో భౌతికశాస్త్రం బోధించిన వసంతరావు వేంకటరావు పత్రికల్లో నిరంతరం విజ్ఞాన వ్యాసాలు రాశారు. భౌతికశాస్త్రం చదువుకున్న కొడవటిగంటి కుటుంబరావు కథలతో పాటు సైన్సు వ్యాసాలూ రాశారు, 1952 నుంచి 1980లో మరణించేదాకా 'చందమామ' సంపాదకత్వ బాధ్యతలు చూశారు. ఆయన కుమారుడు, ముంబైలో అణుశాస్త్రవేత్తగా పనిచేసిన కొడవటిగంటి రోహిణీప్రసాద్ జీవపరిణామం మీద, విశ్వం మీద సూటిగా, పొదుపుగా రాశారు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేసిన మహీధర నళినీమోహన్ 'క్యాలెండర్ కథ', 'పిడుగు దేవర కథ', 'టెలిఫోన్ కథ' వంటి పుస్తకాల్లో ప్రతి ఆవిష్కరణనూ మనుషుల కథగా మలిచారు. అమెరికాలో కంప్యూటర్ శాస్త్ర ఆచార్యులుగా పనిచేసిన వేమూరి వేంకటేశ్వరరావు 'జీవరహస్యం', 'రసగంధాయ రసాయనం' రాసి, ఇంగ్లీషు-తెలుగు నిఘంటువూ కూర్చారు. విజయవాడ వైద్యుడు జి. సమరం పత్రికల ద్వారా ఆరోగ్య సందేహాలకు బాహాటంగా జవాబులిచ్చి, ఇళ్లలో మాట్లాడుకోని విషయాల మీద భయాలు పోగొట్టారు. 1988లో ఏర్పడిన జనవిజ్ఞాన వేదిక కళాజాతాలు, ఆకాశ పరిశీలన, పిల్లల పత్రిక 'చెకుముకి' ద్వారా ఈ పనిని ఊళ్లలోకి తీసుకెళ్లింది.

తెలుగులో ఈ రచయితలందరికీ ఎదురైన సమస్య పరిభాష. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల పాఠ్యపుస్తకాల కోసం పారిభాషిక పదకోశాలు తయారుచేసింది. వాటిలోని చాలా మాటలు సంస్కృత సమాసాలు. తరగతి గదిలో నిలిచినా పత్రికల్లో అన్నీ నాటుకోలేదు. నేటి రచయితలు ఎక్కువమంది ఆక్సిజన్, వైరస్, లేజర్ వంటి వాడుక మాటలను అలాగే ఉంచి, గురుత్వాకర్షణ, పరిణామం, కిరణజన్య సంయోగక్రియ వంటి స్థిరపడిన తెలుగు మాటలను వాడుకుంటారు. ఏ మాట ఎంచుకున్నా, మొదటిసారి వచ్చినప్పుడే దాని పని ఏమిటో ఒక వాక్యంలో చెప్పాలన్నది వారి అనుభవం నేర్పిన సూత్రం.

వివరించే పద్ధతులు

తెలిసినదాని నుంచి తెలియనిదానికి వెళ్లడం అన్నిటికన్నా పాత పద్ధతి. రెండోది ఒక్క ఉదాహరణను దగ్గరగా పట్టుకుని చివరిదాకా నడపడం. ఫారడే కొవ్వొత్తిలో ఈ రెండూ ఉన్నాయి.

మూడోది పరిమాణాలకు రూపం ఇవ్వడం. భూమి నుంచి సూర్యుడికి దూరం సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. ఆ అంకె వినగానే ఏ దృశ్యమూ కళ్లముందు నిలవదు. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో రాత్రింబగళ్లు ఆగకుండా కారు నడిపితే చేరడానికి 171 ఏళ్లు పడుతుంది. వెలుగు అదే దూరాన్ని ఎనిమిది నిమిషాల పైచిలుకులో దాటుతుంది. ఇలా చెబితే సూర్యుడి దూరమూ, కాంతి వేగమూ ఒకేసారి మనసుకు ఎక్కుతాయి.

నాలుగోది ఉపమానం. ఇది పదునైన సాధనం కాబట్టే జాగ్రత్త అవసరం. పరమాణువును సౌరకుటుంబంతో పోల్చడం వందేళ్లుగా బడి పుస్తకాల్లో ఉంది. బరువంతా నడుమనే ఉందని, మిగతాది దాదాపు ఖాళీ అని చెప్పడానికి ఆ పోలిక పనికొస్తుంది. అక్కడితో దాని పని అయిపోతుంది. ఎలక్ట్రాన్ గ్రహంలాగా ఒక గీత మీద తిరగదు. ఫలానా చోట ఉండే అవకాశం ఎంతో మాత్రమే మనం లెక్కగట్టగలం. పోలిక ఎక్కడిదాకా సాగుతుందో, ఎక్కడ ఆగిపోతుందో చెప్పని రచన పాఠకుడికి కొత్త అపోహను అంటగడుతుంది.

అంకెలు, ముప్పు

జనరంజక రచన అన్నిటికన్నా ఎక్కువ మేలు చేయగలిగినదీ, కీడు చేయగలిగినదీ ముప్పును అంకెల్లో చెప్పేటప్పుడే. 1995 అక్టోబరులో బ్రిటన్ ఔషధ భద్రతా సంఘం ఒక హెచ్చరిక చేసింది. కొత్త తరం గర్భనిరోధక మాత్రల వల్ల రక్తనాళాల్లో గడ్డకట్టే ముప్పు రెండింతలవుతుందన్నది దాని సారాంశం. వార్త నిజమే. పాత మాత్రలు వాడే ఏడు వేల మందిలో ఒకరికి ఆ జబ్బు వస్తే, కొత్త మాత్రలతో ఏడు వేల మందిలో ఇద్దరికి వస్తుంది. 'వంద శాతం పెరిగింది' అన్న మాట మాత్రమే జనంలోకి వెళ్లింది. ఎందరో మహిళలు మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 13 వేల గర్భస్రావాలు అదనంగా జరిగాయని అంచనా. గర్భధారణలో గడ్డకట్టే ముప్పు మాత్రల వల్ల కలిగే ముప్పు కన్నా ఎక్కువ. ఒక నిజాన్ని సగమే చెప్పినందుకు ఇంత నష్టం జరిగింది. అందుకే ఎందరిలో ఎందరికి అన్నది చెప్పకుండా శాతం ఒక్కటే రాయకూడదని గెర్డ్ గిగెరెంజర్ వంటి పరిశోధకులు గట్టిగా వాదించారు.

తెలుగు తీరంలో ముప్పును అర్థమయ్యేలా చెప్పడం ప్రాణాలకు సంబంధించిన సంగతి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన తుపానులో వేలమంది చనిపోయారు. వారిలో అత్యధికుల్ని బలిగొన్నది గాలి కాదు, ఉప్పెన. తుపాను కేంద్రంలో పీడనం ఎంతన్నది తీరవాసికి అక్కరకు రాదు. నీళ్లు ఏ ఊళ్ల దాకా వస్తాయి, ఎంత ఎత్తున వస్తాయి, ఎప్పటిలోగా కదలాలి అన్నవి అక్కరకు వస్తాయి. వాతావరణ శాఖ ఇప్పుడు రంగుల హెచ్చరికలతో పాటు, ఫలానా వేగం గాలికి ఏ రకం ఇళ్లు కూలుతాయో కూడా చెబుతోంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు నగరం అతలాకుతలమైనా, ముందుగా జనాన్ని తరలించడం వల్ల ప్రాణనష్టం దివిసీమతో పోల్చదగనంత తక్కువగా ఉంది. ఉపగ్రహాలు, రాడార్లు ఎంత మెరుగుపడినా, చివరి మాట ఊరివాళ్లకు అర్థమైతేనే ఫలితం.

గ్రహణం, పాలు: రెండు పరీక్షలు

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం కర్ణాటక, నాటి ఆంధ్రప్రదేశ్, ఒరిస్సాల మీదుగా సాగింది. హైదరాబాదు సమీపంలోని జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు దాన్ని పరిశీలిస్తుంటే, దేశంలోని నగరాల్లో వీధులు నిర్మానుష్యమయ్యాయి. జనం బయటికి రాకుండా దూరదర్శన్ సినిమా వేసింది. కళ్లకు హాని అన్న హెచ్చరిక సరైనదే, కానీ కారణం చెప్పలేదు. గ్రహణవేళ సూర్యుడి నుంచి కొత్త కిరణాలేవీ రావు. మామూలు రోజున సూర్యుణ్ణి తేరిపార చూడలేక కళ్లు తిప్పుకుంటాం, గ్రహణంలో వెలుగు తగ్గి చూడగలుగుతాం. కంటి వెనుక పొర అయిన రెటీనాకు నొప్పి తెలియదు కాబట్టి అది కాలుతున్నా గ్రహించలేం. ఈ ఒక్క వివరణతో భయం జాగ్రత్తగా మారుతుంది. విజ్ఞాన ఉద్యమాలు ఆ పని చేశాయి. 1995 అక్టోబరు 24న ఉత్తర, తూర్పు భారతంలో సంపూర్ణ గ్రహణం వచ్చినప్పుడు వేలమంది వడపోత కళ్లద్దాలతో పశ్చిమ బెంగాల్‌లోని డైమండ్ హార్బర్ వంటి చోట్లకు తరలివెళ్లి చూశారు.

అంతకు నెల ముందు, సెప్టెంబరు 21న, వినాయకుడి విగ్రహాలు పాలు తాగుతున్నాయన్న వార్త దేశమంతా పాకింది. కొందరు శాస్త్రవేత్తలు పాలలో రంగు కలిపి చెంచాతో అందించారు. పాలు విగ్రహం ఒంటి మీదుగా పలచటి పొరలా కిందికి జారుతున్నాయని రంగు వల్ల కనిపించింది. తలతన్యత వల్ల ద్రవం చెంచా నుంచి తడి రాతి మీదికి లాగబడుతుంది. భక్తిని ఎగతాళి చేయకుండా, ఎవరైనా ఇంట్లో చేసి చూసుకోగల ప్రయోగం చూపించడం ఈ వివరణలో గొప్పదనం.

తేలినవి, తేలనివి

శాస్త్రంలో కొన్ని ప్రశ్నలకు జవాబు దొరికింది, కొన్నిటికి ఇంకా లేదు. రెంటినీ ఒకే గొంతుతో చెప్పడం పెద్ద పొరపాటు. నల్గొండ జిల్లాలో ఎముకలను వంకర చేసిన జబ్బుకు కారణం తాగునీటిలోని ఫ్లోరైడ్ అని తేలింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి ప్రపంచమంతటా 'నల్గొండ పద్ధతి' అనే పేరు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి వేరు. కొబ్బరి, జీడితోటల మధ్య కవిటి, సోంపేట, కంచిలి వంటి మండలాల్లో మధుమేహం, రక్తపోటు లేనివారికి కూడా మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. శ్రీలంకలో, మధ్య అమెరికాలోనూ ఇటువంటి జబ్బు ఉంది. నీరు, ఎండలో శ్రమ, పురుగుమందులు వంటి అనుమానాలు ఎన్నో ఉన్నా, అందరూ ఒప్పుకున్న కారణం ఇంకా తేలలేదు. ఇక్కడ రచయిత ఏదో ఒక కారణాన్ని ఖాయం చేసి చెబితే బాధితులకు అన్యాయం చేసినట్టే. ఏ అనుమానానికి ఏ ఆధారం ఉందో, దాన్ని ఎలా పరీక్షిస్తున్నారో చెప్పడమే నిజాయితీ.

విమర్శలు

ప్రజలకు తెలియదు, నిపుణులు చెబితే సరిపోతుంది అనే భావనను 'లోటు నమూనా' పేరుతో విమర్శిస్తారు. 1986 చెర్నోబిల్ ప్రమాదం తర్వాత ఇంగ్లండ్‌లోని కంబ్రియా కొండల్లో రేడియోధార్మిక సీజియం పడింది. గొర్రెల అమ్మకంపై నిషేధం మూడు వారాల్లో తొలగుతుందని అధికారులు చెప్పారు. ఆ లెక్క బంకమట్టి నేలలది. కొండల మీది ఆమ్ల నేలలో సీజియం గడ్డిలోకి తిరిగి తిరిగి చేరింది. ఏ దిక్కు గొర్రెలు ఎక్కడ మేస్తాయో తెలిసిన కాపరుల మాట వినలేదు. చివరి ఆంక్షలు ఎత్తేసేసరికి 2012 వచ్చింది. సామాజిక శాస్త్రవేత్త బ్రయాన్ విన్ ఈ ఉదంతాన్ని అధ్యయనం చేసి, వివరించేవారు వినడం కూడా నేర్చుకోవాలని చూపించాడు.

రెండో విమర్శ అతిశయోక్తి మీద. బ్రిటన్‌లోని 20 విశ్వవిద్యాలయాల 462 పత్రికా ప్రకటనలను పరిశీలించిన ఒక అధ్యయనం 2014లో వెలువడింది. పాఠకులకు ఇచ్చిన సలహాలను 40 శాతం ప్రకటనల్లో, జంతువుల మీద తేలిన ఫలితాన్ని మనుషులకు వర్తింపజేయడాన్ని 36 శాతంలో అతిగా చెప్పారని తేలింది. వార్తల్లోని అతిశయోక్తికి మూలం చాలాసార్లు విలేఖరి బల్ల దగ్గర కాదు, పరిశోధన జరిగిన చోటే ఉంది.

ప్రస్తుత స్థితి

భారత రాజ్యాంగంలో 1976లో చేర్చిన 51ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుడి విధి అంటుంది. ఏటా ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవం జరుగుతుంది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగుతుంటే కోట్లమంది ఊపిరి బిగబట్టి చూశారు. ఆసక్తి ఉందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. ఆ ఆసక్తి ఆ రోజుతో ఆగిపోకుండా, మన ఊరి నీళ్లు, మన పొలం నేల, మన ఆసుపత్రి మందుల దాకా రావాలంటే ఆ విషయాల మీద తెలుగులో లోతైన రచనలు ఇంకా చాలా కావాలి. ఫోన్‌లో నిమిషానికో వైద్య సలహా వచ్చిపడే కాలంలో పాఠకుడికి కావలసింది మరో సలహా కాదు. 'ఇది మీకు ఎలా తెలిసింది, ఎందరి మీద పరీక్షించారు, కాదని తేలాలంటే ఏం జరగాలి' అని అడగగలిగే నేర్పు కావాలి. ఆ ప్రశ్నలకు తానే ముందుగా జవాబిస్తూ సాగే రచన, పాఠకుడికి వాటిని అడగడం కూడా నేర్పుతుంది.